బొట్టు పెట్టిన జర్మన్ తుపాకీ

తుపాకుల గురించి నాకు తెలిసిన సంగతి ఒక్కటే: ఏ వైపు నిలబడకూడదో. దోహాలో ఒక ఖతరీ పెద్దాయన ఆఫీసులో ఉత్తరాలు టైపు చేసుకునేవాడికి అంతకు మించి అవసరం రాలేదు. అయితే నా బయోడేటాలో చరిత్రలో ఎం.ఏ. అని ఒక ముక్క ఉంది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి దాని జోలికి ఎవరూ పోలేదు, నేనూ గుర్తు చెయ్యలేదు. నిరుడు వేసవి చివర్లో ఎవరు చెప్పారో గాని ఆ సంగతి పెద్దాయన చెవిన పడింది.

"నువ్వు చరిత్ర చదివినవాడివట," అన్నాడు. "మా తుపాకీ ఎక్కడ పుట్టిందో కనుక్కో. ఒంటి మీద ఏవేవో ముద్రలున్నాయి. అవేమిటో కాగితం మీద రాసివ్వు. అద్దం కట్టించి దాని కింద పెట్టిస్తాను."

ఇంట్లోనూ ఆఫీసులోనూ పనిచేసేవాళ్ళం అందరం ఆయన్ని బాబా అంటాం. చిన్నతనంలో తండ్రితో కలిసి పడవ మీద బొంబాయి వచ్చి పోయినవాడు. హిందీ నా కంటే శుభ్రంగా మాట్లాడతాడు. ఆయన అడిగినప్పుడు నాకు తెలియదని చెప్పడం మర్యాద కాదు, తెలుసని చెప్పడం మంచిది కాదు. "సరే బాబా" అన్నాను. అందులో రెండూ ఉన్నాయి.

ఆ తుపాకీ మజ్లిస్‌లో, అంటే మగ అతిథులను కూర్చోబెట్టే పెద్ద హాల్లో, గోడకి వేలాడుతూ ఉండేది. టర్కీ దండు దోహా కోట వదిలి వెళ్ళిన రోజుల్లో బాబా తాతగారి చేతికి వచ్చిందని ఇంట్లో చెప్పుకుంటారు. శుక్రవారం నమాజు తర్వాత అన్నదమ్ములు, కొడుకులు, మేనల్లుళ్ళు భోజనానికి వస్తారు. అన్నం వడ్డించే లోపు బాబా తుపాకీని దింపించి, తాతగారి కథ చెబుతాడు. కథ చివర దాన్ని భుజానికెత్తి, తలుపుకి గురిపెట్టి, ట్రిగ్గర్ లాగుతాడు. అది కదలదు. "నా కంటే ముసలిది. శుక్రవారం పని చెయ్యనంటోంది," అంటాడు. అందరూ నవ్వుతారు. ఏదో కాగితం మీద సంతకం కోసం వెళ్ళి ఓసారి నేనూ చూశాను. నేనూ నవ్వాను.

పని ఫొటోలతో మొదలుపెట్టాను. భయం కూడా అక్కడే మొదలైంది. పరాయి దేశంలో, అకామా అనే నివాస అనుమతి కార్డు జేబులో పెట్టుకు తిరిగేవాడి ఫోన్లో, పాప పుట్టినరోజు ఫొటోలకీ హోటల్ బిర్యానీ ఫొటోకీ మధ్య ఒక మిలిటరీ తుపాకీ అన్ని కోణాల్లోనూ కనబడటం ఆరోగ్యకరం కాదు. మెట్రోలో పక్కవాడు నా ఫోన్ వంక చూస్తే స్క్రీను గుండెకి ఆనించుకునేవాడిని. చూసినవాళ్ళు నేను ప్రేమలో ఉన్నానని అనుకుని ఉంటారు. ఉమ్ ఘువైలినాలో నా గదిలో ఉండే మిత్రుడు ఓ రోజు ఆ ఫొటోలు చూసి, "ఎందుకు బాబూ మనకివన్నీ, నువ్వు చక్కగా ఉత్తరాలు టైపు చేసుకోక," అని, ఆ రోజు నుంచి నేను ఫోన్ చూస్తున్నప్పుడు బాల్కనీలోకి వెళ్ళి నిలబడేవాడు.

పాత తుపాకులు సేకరించేవాళ్ళు కబుర్లు చెప్పుకునే వెబ్‌సైటు ఒకటి దొరికింది. అక్కడ ఫొటోలు పెడితే జర్మనీ నుంచి ఒక రిటైరైన పెద్దమనిషి జవాబు రాశాడు. ఆయన ఉత్తరాల్లో తొందర అనేది ఉండదు. ముందు నమస్కారం, తర్వాత వాతావరణం, తర్వాత తుపాకీ.

తూటా కూర్చునే గది మీద ఒక కిరీటం, దాని కింద ఒక ఊరి పేరు, సంవత్సరం. ఆ ఊరు డాంజిగ్, అప్పట్లో జర్మనీలోని ప్రష్యా రాజ్యంలోది. అక్కడి ప్రభుత్వ కార్ఖానాలో, పంతొమ్మిదో శతాబ్దం చివర్లో తయారైందన్నమాట. పక్కన వంకర అక్షరాల్లో ఏదో చెక్కి ఉంటే ఎవరో సిపాయి తన ప్రియురాలి పేరు రాసుకున్నాడనుకున్నాను. కాదు, అది మోడల్ పేరు. ఇంకా ఎక్కడ చూసినా చిన్న చిన్న కిరీటాలు, వాటి కింద ఒక్కో అక్షరం. ప్రతి భాగాన్నీ ఒక తనిఖీ అధికారి పరీక్షించి, బాగుందని కొట్టిన గుర్తులట. స్క్రూల మీద కూడా ఉన్నాయి. మా ఊరి వంతెనకి ఇందులో పదో వంతు తనిఖీ జరగలేదు.

"ఫొటోలు బాగున్నాయి," అని రాశాడాయన. "కానీ నూరేళ్ళ మట్టి అడ్డంగా ఉంది. దయచేసి మెత్తటి గుడ్డతో, చాలా సున్నితంగా తుడిచి మళ్ళీ తీయండి."

మజ్లిస్ దుమ్ము దులిపే పని ఆ ఇంటి డ్రైవర్‌ది. రాయచోటి వైపు మనిషి. యాభై దాటాడు. నేను ఖతర్ మొహం చూడక ముందు నుంచీ అదే ఇంట్లో ఉన్నాడు. బాబాకి మందులు వేళకి ఇచ్చేదీ, చెప్పులు వెతికి పెట్టేదీ అతనే. మజ్లిస్‌లో అతనికి ఉన్న ఆజ్ఞ ఒకటే: గోడ మీద వస్తువులకి పైపైన దుమ్ము దులుపు, మరేమీ చెయ్యకు. నేను వెళ్ళి, "అన్నా, తుపాకీ కొంచెం తుడవాలి. మెత్తగా," అన్నాను.

"దాందేముంది సామీ, అద్దం మాదిరి జేస్తా," అన్నాడు.

ఆ మాట దగ్గరే నేను కొంచెం ఆగి ఉండాల్సింది.

దసరా వెళ్ళిన మర్నాడు వెళ్ళి చూస్తే ముద్రలు కళ్ళకి కట్టినట్టున్నాయి. మట్టి పోయింది. కిరీటాలు, అంకెలు, అక్షరాలు, అన్నీ సన్నటి ఎరుపులో తేలి కనబడుతున్నాయి. అంతవరకూ ఎవరికీ కనబడని ఒక నెలవంక కూడా బయటపడింది. నేను మురిసిపోయి ఫొటోలు తీసి జర్మనీకి పంపాను. ఎరుపు ఎక్కడిదని నన్ను నేను అడగలేదు. జర్మనీ ఆయన అడిగాడు.

"అద్భుతం. నెలవంక అంటే ఇది తర్వాత టర్కీ సైన్యానికి వెళ్ళిందని అర్థం. గురి చూసే పలక మీద అంకెలు కూడా వాళ్ళవే. కానీ ముద్రల్లోని ఈ ఎర్రరంగు నేనెక్కడా చూడలేదు. టర్కీ వాళ్ళ పద్ధతా? మీ పరిశీలన ఏమిటి?"

నా పరిశీలన కోసం కారు షెడ్డుకి వెళ్ళాను. డ్రైవర్ ల్యాండ్ క్రూజర్ కడుగుతున్నాడు. టైర్ల కింద నలిగిన నిమ్మకాయలు ఇంకా ఉన్నాయి.

"అన్నా, తుపాకీకి కుంకుమ పెట్టావా?"

"పెట్టినా," అన్నాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు. "ఆయుధపూజ గదా సామీ. మనమంతా సైకిళ్ళకు, ట్రాక్టర్లకు జేస్తాండాం. నిజంగా ఆయుధమే ఇంట్లో ఉంటే దాన్ని ఇడిసిపెట్టి బండికి జేసేదా? బాగుంటాదా?"

ఆ తర్కంలో లోపం కోసం నేను ఇప్పటికీ వెతుకుతున్నాను.

"బాబాకి తెలుసా?"

"తెలీదు. బాబా నిద్రపోయినప్పుడు జేసినా. బొట్లన్నీ తుడిసేసినా గూడా. యాడ మిగిలింది?"

ముద్రల్లో మిగిలిందని చెప్పాను. జర్మనీ ఆయనకి 'స్థానిక ఆచారం' అని రాశాను. అబద్ధం కాదు గదా. ఒక బొగ్గు రంగు చెక్క భాగం మీద కత్తితో గీసిన గుర్తు గురించి కూడా అడిగాను. అది ఆయనకి తెలియలేదు. బాబాకి చూపిస్తే వేలితో తడిమి, "ఇది మా ఒంటెలకి వేసే వాత," అన్నాడు. చాలాసేపు ఆ గుర్తు మీద నుంచి వేలు తీయలేదు. ప్రష్యా కిరీటం, టర్కీ నెలవంక, ఒంటె వాత, చివరికి రాయచోటి కుంకుమ. నేను కాగితం మీద మొదటి మూడూ రాశాను. శుక్రవారం చుట్టాల ముందు చదివి వినిపిస్తానన్నాడు బాబా.

ఆ శుక్రవారం సెలవు గనక పదకొండు దాటాక గదిలో ఉప్మా తింటుంటే జర్మనీ నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. నమస్కారం లేదు. వాతావరణం లేదు.

"మీ పాత ఫొటోలూ కొత్త ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూశాను. వెనక భాగాన చెవి ఆకారంలో ఉన్న మీట సేఫ్టీ. పాత ఫొటోలో అది కుడివైపుకి ఉంది. కొత్త ఫొటోలో ఎడమవైపుకి ఉంది. ఎవరో తిప్పారు. ఈ రకం తుపాకీలో లోపలి స్ప్రింగు బిగించి ఉంటేనే ఆ మీట కుడికి తిరుగుతుంది. అంటే మీ తుపాకీ ఎన్నో ఏళ్ళుగా పేలడానికి సిద్ధంగా ఉంది, సేఫ్టీ ఒక్కటే దాన్ని ఆపింది. ఇప్పుడది లేదు. గొట్టం వెనక, తూటా కూర్చునే గదిలో తూటా లేదని ఎవరైనా చూశారా? దయచేసి ఎవరినీ ముట్టుకోనివ్వకండి. ఇంకో సంగతి, ఆ గదిని వెనక నుంచి మూసే బోల్ట్ మీది నంబరు, తుపాకీ మీది నంబరు ఒకటి కాదు, అంటే అది వేరే తుపాకీది. పేలితే ముందుకే పేలుతుందన్న నమ్మకం కూడా లేదు."

కింద ఉన్న సందులోంచి చూస్తే తూటాల పెట్టె ఖాళీగా ఉందని, తుపాకీ ఖాళీ అని మేమంతా అనుకున్నాం. పైన, తూటా కూర్చునే గది సంగతి ఎవరికీ తోచలేదు.

డ్రైవర్‌కి ఫోన్ చేశాను. మసీదు బయట కారులో కూర్చుని ఉన్నాడు.

"అన్నా, తుపాకీ వెనకాల చెవిలాంటిది ఉంటుంది చూడు. దాన్నేమన్నా చేశావా?"

"అది ఒక పక్కకి బిగుసుకొని ఉన్నింది సామీ. దానికింద తుడిసేకి రాలే. కొబ్బరినూనె పోసి, నాలుగు దినాలు నానబెట్టి, ఆ పక్కకి తిప్పినా. శానా లూజ్ అయింది ఇప్పుడు. ట్రిగ్గర్‌లో గూడా పోసినా. బాబా పాపం ఎన్నేండ్లుగా లాగుతాడు, కదల్లా. ఈ వారం కదులుతాది."

ఉత్తరంలో ఉన్నది చెప్పాను.

"సామీ," అన్నాడు. "కర్పూరం గూడా ఎలిగించినా. దాని మూతికాడ."

"అయిందేదో అయింది. ఇప్పుడు బాబాని ఆపు."

"నేనెట్ట ఆపేది. ముట్టుకోవద్దన్న దాన్ని ముట్టుకున్నా అని చెప్తే పంపిచ్చేస్తారు. పూజ సంగతి తెలిస్తే ఇంగ పోలీసోళ్ళే." ఆగాడు. "చెప్పకుంటే ఎవరో ఒకరు సచ్చిపోతారు, అంతేనా సామీ?"

"చావకపోవచ్చు కూడా."

"ఊఁ," అన్నాడు. "బాబా వస్తాండాడు. పెడతా."

బాబా శుక్రవారం ఫోన్ సొరుగులో పెట్టి తాళం వేస్తాడు. ట్యాక్సీ ఎక్కాను. నమాజు వేళకి మూసిన షాపులన్నీ ఇంకా మూసే ఉన్నాయి. రోడ్డు ఖాళీగా ఉంది గనక త్వరగా చేరాలి. కానీ బాబా ఇల్లున్న రయ్యాన్ దాకా ప్రతి సిగ్నల్ దగ్గరా ఎర్రదీపమే. కేరళ డ్రైవర్ అద్దంలో నా ముఖం చూసి, ఆసుపత్రికా అని అడిగాడు. ఇంకా కాదన్నాను. దారంతా నేను బాబాకి ఏం చెప్పాలో వాక్యాలు కూర్చుకున్నాను. మీట దానంతట అదే తిరిగి ఉండవచ్చు. వేడికి ఇనుము వ్యాకోచించి ఉండవచ్చు. కుంకుమ టర్కీ వాళ్ళదే అయి ఉండవచ్చు. ఒక మనిషి ఉద్యోగం కాపాడటానికి భౌతికశాస్త్రాన్ని ఎంత వంచవచ్చో అంతా వంచాను.

మజ్లిస్ బయట చెప్పుల గుట్ట. పిల్లలు కొందరు ఆ చెప్పుల మధ్యే ఆడుకుంటున్నారు. లోపల అప్పుడే నవ్వులు వినబడుతున్నాయి. తలుపు తోసి గుమ్మంలో నిలబడ్డాను.

అన్ని రోజులూ ఆ తుపాకీని పక్కనుంచి, పైనుంచి, కిందనుంచి ఫొటోలు తీశాను. ముందు నుంచి చూడటం అదే మొదటిసారి. చిన్న నల్ల బొక్క. దాని వెనక బాబా కన్ను ఒకటి మూసి ఉంది, ఒకటి తెరిచి ఉంది. చూపుడు వేలు ట్రిగ్గర్ దగ్గర లోపల ఉంది.

"బాబా," అన్నాను. "వేలు తీయండి. అది నిండి ఉంది."

బాబా నవ్వాడు. "ఇదుగో, మన చరిత్ర మాస్టరు. సరిగ్గా కథ చివరికి వచ్చాడు."

అందరూ నవ్వారు. ఆ ఇంట్లో నాకు నవ్వించేవాడని పేరు. ఇన్నాళ్ళూ ఆ పేరుతో నాకు ఏ ఇబ్బందీ రాలేదు. నేను నిజమని అన్నాను. ఇంకా నవ్వారు. పక్కకి జరగాలని తెలుసు. నా వెనక చెప్పుల్లో పిల్లలున్నారని కూడా తెలుసు. ధైర్యం అనుకోవద్దు, కాళ్ళు ఆ రెంటిలో దేన్ని వినాలో తేల్చుకోలేక అక్కడే ఉండిపోయాయి.

శుక్రవారాల్లో కాఫీ పోసేది డ్రైవర్. గోడ పక్కన కాఫీ కూజా పట్టుకుని నిలబడి ఉన్నాడు. దాన్ని తివాచీ మీద పెట్టాడు. పెట్టాననుకున్నాడు గాని అది పడి దొర్లింది. నాలుగడుగుల్లో వెళ్ళి రెండు చేతులతో గొట్టం పట్టుకుని పైకప్పు వైపు ఎత్తేశాడు. యజమాని చేతిలోని ఆయుధం మీద నౌకరు చెయ్యి వేస్తే గదిలో ఏమవుతుందో అదే అయింది. మేనల్లుళ్ళు లేచి నిలబడ్డారు. నవ్వు ఆగిపోయింది.

"బాబా, మాఫీ," అన్నాడు. హిందీలోనే చెప్పాడు గాని ఆ హిందీ కడప జిల్లా దాటి వచ్చింది కాదు. "ఆ చెవి నేనే తిప్పినా. నూనె నేనే పోసినా. మా పండగ, దానికి పూజ జేసినా. ఈయన తుడవమని మాత్రమే చెప్పినాడు. దీన్లో తూటా ఉండాదంట. మీరు వేలు తీయండి, తర్వాత నన్ను ఏమన్నా జేయండి."

గొట్టం వదల్లేదు. బాబా వేలు ఒక్కో కణుపే బయటికి వచ్చింది.

"పూజ ఎందుకు?" అని ఒక మేనల్లుడు అరబ్బీలో అడిగాడు. గొంతులో మర్యాద తక్కువగా ఉంది. సంవత్సరానికి ఒక రోజు మా పనిముట్లకి దండం పెట్టుకుంటామని నేను చెప్పబోయాను. బాబా చెయ్యెత్తాడు. అందరం ఆగాం.

సైన్యంలో పనిచేసే ఇంకో మేనల్లుడు తుపాకీని అందుకుని, మూతి కిందికి దించకుండా పెరట్లోకి తీసుకెళ్ళాడు. మమ్మల్నందరినీ లోపలే ఉండమన్నాడు. బాబా మొదట అడిగింది పిల్లలెక్కడని. చెప్పుల దగ్గర ఉన్నవాళ్ళని లోపలికి పిలిపించి, తన చుట్టూ కూర్చోబెట్టుకున్నాడు. ఒకడు ఇంకా రాలేదనిపించి మళ్ళీ మళ్ళీ తలుపు వైపు చూశాడు. అందరూ వచ్చేశారని ఎవరో చెప్పినా చూస్తూనే ఉన్నాడు.

పెరట్లో తోటమాలి పోసిన ఇసుక గుట్టలోకి మూతి పెట్టి ఆ మేనల్లుడు బోల్ట్ తిప్పాడు. మాకు కిటికీలోంచి కనబడుతోంది. ఎన్నో ఏళ్ళుగా కదలని బోల్ట్ కొబ్బరినూనె పుణ్యమా అని సాఫీగా తెరుచుకుంది. లోపలి నుంచి ఒక తూటా జారి ఇసుకలో పడింది. పచ్చగా చిలుం పట్టి ఉంది. అతను దాన్ని అరచేతిలోకి తీసుకుని గుప్పిట మూశాడు.

తర్వాత యూనిఫారాలు వచ్చాయి. చాలా మర్యాదగా మాట్లాడి తుపాకీనీ తూటానీ తీసుకెళ్ళాయి. అది పేలేదా అని ఎవరో అడిగితే, పేలకపోవచ్చు, పేలవచ్చు, అన్నాడు వాళ్ళలో ఒకాయన. నా వైపు తిరిగి నువ్వెవరని అడిగాడు. చరిత్ర అన్నాను. ఇంకేమీ అడగలేదు.

చుట్టాలు అన్నం ముట్టకుండానే వెళ్ళిపోయారు. డ్రైవర్‌తో ఎవరూ ఒక్క మాటా అనలేదు. అదే భయంగా ఉంది. తిట్టి ఉంటే ఎంత తిట్టారో చూసి లెక్క వేసుకునేవాళ్ళం. ఇద్దరం షెడ్డులో కారు పక్కన కూర్చున్నాం. ఆ ఇంట్లో పిల్లల్ని బడికి తీసుకెళ్ళే శ్రీలంక డ్రైవర్ ఇంకొకడున్నాడు. బాబా రోజూ సాయంత్రం అసర్ నమాజు అయ్యాక సముద్రం ఒడ్డుకి వెళ్ళి కాసేపు కారులోనే కూర్చుని వస్తాడు. ఆ పూట ఎవరిని పిలుస్తాడన్నదే తీర్పు. ఇద్దరికీ తెలుసు.

"పెట్టె సర్దుకొని పెట్టుకుందునా సామీ?"

"ఇప్పుడే ఎందుకు?"

"బట్టలు ఆరలేదు గూడా," అన్నాడు.

"నీకేం భయం వెయ్యలేదా అన్నా, గొట్టం పట్టుకున్నప్పుడు?"

"అప్పుడు లేదు. ఇప్పుడు శానా ఉండాది." కడిగిన చక్రాన్నే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

అసర్ నమాజు అయింది. శ్రీలంక డ్రైవర్ తన గదిలోంచి బయటికి వచ్చి, ఎవరో పిలిచినట్టు ఇంటి వైపు చూశాడు. మేమిద్దరం అతన్ని చూశాం. అతను ఆవులించి లోపలికి వెళ్ళిపోయాడు. కాసేపటికి బాబా ఒక్కడే వచ్చాడు. మా ఇద్దరినీ చూడలేదు. ఎప్పటిలాగే ల్యాండ్ క్రూజర్ ముందు సీటు తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. డ్రైవర్ పరిగెత్తి తలుపు తీశాడు. బాబా కూర్చుని, "యల్లా, పద," అన్నాడు.

బాబా సీటు బెల్టు లాగి పెట్టుకోబోయాడు. కొక్కెం దాని గూట్లో పడటం లేదు. మళ్ళీ పెట్టాడు. మూడోసారి బెల్టు చేతిలోంచి జారిపోయింది. డ్రైవర్ పక్కకి వంగి, వణికే తన చేతుల్తోనే దాన్ని పట్టుకుని, ఒకటి రెండుసార్లు గురి తప్పి, చివరికి టక్కున బిగించాడు. తర్వాత బండి మెల్లగా వెనక్కి జరిగింది.

కారు గేటు దాటినా నేను షెడ్డులోనే నిలబడ్డాను. ఎండ ఎక్కువగా ఉందనుకున్నాను.